1870లోనే వచ్చిన ఓటు హక్కుకు 1965లో మళ్ళీ చట్టం ఎందుకు కావలసి వచ్చింది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న విధంగా ఒకసారి చెప్పి మొదలుపెడతాను. మీరు అమెరికా పౌరసత్వ పరీక్షకు చదువుతున్నారు. జాతి, రంగు కారణంగా ఎవరి ఓటు హక్కునూ కాదనకూడదని 15వ సవరణ 1870లోనే చెప్పింది కదా, మరి తొంభై అయిదేళ్ళ తరువాత ఓటు హక్కు చట్టం ఎందుకు చేయవలసి వచ్చింది, ఈ మధ్యకాలంలో నల్లజాతీయులు హక్కు ఉండి కూడా ఓటు ఎందుకు వేయలేకపోయారు, ఆ చట్టం ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, మనవాళ్ళకు దానితో పనేమిటి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, 15వ సవరణ ఎవరికీ ఓటు ఇవ్వలేదు. ఫలానా కారణం చూపి ఓటు తీసివేయకూడదని మాత్రమే చెప్పింది. ఓటరుగా ఎవరు అర్హులో నిర్ణయించే అధికారం రాష్ట్రాల దగ్గరే ఉండిపోయింది. దక్షిణాది రాష్ట్రాలు జాతి అన్న మాట ఎక్కడా రాయకుండా అర్హతలు రాసుకొని, వాటిని కొలిచే పనిని స్థానిక శ్వేతజాతి అధికారి చేతిలో పెట్టాయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనం అనే మాట ఇక్కడ అక్షరాలా జరిగింది. 1965 చట్టం కొత్త హక్కును సృష్టించలేదు. ఆ పూజారిని పక్కకు తప్పించింది, నిరూపించవలసిన భారాన్ని ఓటరు నెత్తి మీద నుంచి దించి ప్రభుత్వం మీద పెట్టింది.

నేను ఇక్కడికి రాకముందు కోస్తాలో ఒక డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రం బోధించాను. రెండుసార్లు ప్రిసైడింగ్ అధికారిగా ఎన్నికల విధులకు వెళ్ళాను. జార్జియాలో స్థిరపడి పౌరసత్వం తీసుకున్న తరువాత పన్నెండేళ్ళుగా ఎన్నికల రోజున పోలింగ్ కేంద్రంలో పని చేస్తున్నాను, కొత్తగా పౌరులైనవారికి ఓటరు నమోదు దరఖాస్తు నింపడంలో సాయపడుతున్నాను. రెండు దేశాల ఓటర్ల జాబితాలతోనూ పని చేయడం వల్ల, ఈ విషయంలో పుస్తకం చదివినప్పుడు నాకు బోధపడనిది ఒకటి తరువాత బోధపడింది. భారతదేశంలో ఓటర్ల జాబితా తయారు చేయడం ప్రభుత్వం బాధ్యత. ఇంటింటికీ మనిషిని పంపి పేర్లు రాసుకునే అలవాటు మొదటి సార్వత్రిక ఎన్నికల ముందు నుంచే ఉంది, చదువు రానివారు కూడా ఓటు వేయాలనే ఉద్దేశంతోనే గుర్తులు పెట్టారు. అమెరికాలో చరిత్రలో చాలావరకు ఆ బాధ్యత పౌరుడిదే. తానే వెళ్ళి, తానే అడిగి, తానే అర్హుడినని చూపించుకోవాలి. అందువల్ల ఇక్కడ ఓటు హక్కును అడ్డుకోదలచినవారికి పోలింగ్ బూత్ దాకా వెళ్ళే అవసరమే లేదు. నమోదు కార్యాలయం తలుపు దగ్గర నిలబడితే చాలు.

అయితే 1870 తరువాత నల్లజాతీయులు అసలు ఓటు వేయలేదని అనుకోవద్దు. చాలామంది చేసే పొరపాటు ఇదే. వేశారు, గెలిచారు కూడా. మిసిసిపీ నుంచి హైరం రెవెల్స్ 1870లోనే సెనేటర్ అయ్యారు. నేనుండే జార్జియాలో అంతకు రెండేళ్ళ ముందు, 1868లో, శాసనసభకు ఎన్నికైన నల్లజాతి సభ్యులను కేవలం రంగు కారణంగా బయటకు పంపిన ఘట్టం ఉంది. వారిలో ఒకరైన హెన్రీ మెక్‌నీల్ టర్నర్ సభలోనే లేచి, సాటి మనిషిగా నా హక్కును మిమ్మల్ని బతిమాలి తీసుకోనన్న అర్థంలో ప్రసంగించారు. ఆ సభ్యులు 1870లో తిరిగి సభలోకి వచ్చారు. అంటే హక్కు కాగితం మీద ఉంది, దాని వెనుక అంతర్యుద్ధం తరువాత దక్షిణాదిలో ఉన్న కేంద్ర సైన్యం కూడా ఉంది. 1877లో ఆ సైన్యం రక్షణ తొలగిపోయాక మొదట హింస, మోసం రాజ్యమేలాయి. ఆ తరువాత ఆ పనినే చట్టం చేత చేయించే ఉపాయం దొరికింది.

ఆ ఉపాయానికి దారి చూపింది మిసిసిపీ 1890 రాజ్యాంగం. రెండు డాలర్ల ఓటు పన్ను కట్టి రసీదు చూపాలి; రాష్ట్ర రాజ్యాంగంలో ఏదో ఒక భాగాన్ని చదవాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పాలి. చెప్పిన అర్థం సరైనదో కాదో తేల్చేది రిజిస్ట్రార్, అంటే ఓటర్ల నమోదు అధికారి. తరువాత పద్దెనిమిదేళ్ళలో దక్షిణ కరొలైనా, లూయిజియానా, అలబామా, వర్జీనియా, జార్జియా తమ తమ పద్ధతుల్లో అదే దారి పట్టాయి. లూయిజియానా 1898లో మరొక అడుగు ముందుకు వేసి, 1867 జనవరి 1 నాటికి ఓటు ఉన్నవారికీ, వారి కొడుకులకూ, మనుమలకూ చదువు, ఆస్తి నిబంధనలు వర్తించవని రాసుకుంది. ఆ తేదీకి అక్కడ నల్లజాతీయులకు ఓటు లేదన్నది అందరికీ తెలుసు. దీని ఫలితం ఒక్క లెక్కలో కనిపిస్తుంది: లూయిజియానాలో నమోదైన నల్లజాతి ఓటర్లు 1896లో 1,30,334 మంది, 1904 నాటికి 1,342 మంది. ఈ రెండు అంకెలను తరగతిలో నల్లబల్ల మీద ఒకదాని కింద ఒకటి రాసి కాసేపు మాట్లాడకుండా ఉండేవాడిని.

కోర్టులు ఏం చేశాయన్నది మీ ప్రశ్నకు ఆయువుపట్టు. 1898లో మిసిసిపీ కేసులో సుప్రీంకోర్టు, చట్టం పాఠంలో జాతి ప్రస్తావన లేదు కనుక తప్పు పట్టలేమన్నది. 1903లో అలబామాకు చెందిన జాక్సన్ గైల్స్, మాంట్‌గామరీ కౌంటీలోని అయిదు వేల మందికి పైగా నల్లజాతీయుల తరఫున వచ్చినప్పుడు జస్టిస్ హోమ్స్ చెప్పిన కారణం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. నమోదు పద్ధతి మొత్తం మోసమే అయితే ఆ మోసపు జాబితాలో మీ పేరు చేర్చమని కోర్టు ఎలా ఆదేశిస్తుంది. అక్కడి శ్వేతజాతి ప్రజలందరూ కలిసి మిమ్మల్ని ఆపదలచుకుంటే కాగితం మీద పేరు ఉన్నంత మాత్రాన ఏమవుతుంది. ఉపశమనం కావాలంటే ఆ రాష్ట్ర ప్రజలనో, కేంద్ర ప్రభుత్వ రాజకీయ విభాగాలనో అడగండి అని ఆయన సారాంశం. ఓటు లేనివాడిని, ఓటు ఉన్నవారి దగ్గరికి వెళ్ళి అడుక్కోమన్నట్టు. తాతకు ఓటు ఉంటే మనుమడికి మినహాయింపు ఇచ్చిన లూయిజియానా తరహా ‘తాత నిబంధన’ను 1915లో, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలను శ్వేతజాతీయులకే పరిమితం చేయడాన్ని 1944లో సుప్రీంకోర్టు కొట్టివేసింది నిజమే. కానీ ఒక అడ్డు తీసేలోగా రాష్ట్రాలు మరో అడ్డు పెట్టేవి.

అక్షరాస్యతా పరీక్ష అంటే నిజంగా అక్షరాస్యతను కొలిచే పరీక్ష అని పొరబడకండి. 1966లో సుప్రీంకోర్టు తీర్పులో నమోదైన ఉదాహరణలే చెబుతాను, ఎందుకంటే అవి సాక్ష్యంతో తేలినవి. మిసిసిపీలోని ఫారెస్ట్ కౌంటీలో ఒక రిజిస్ట్రార్ ఆరుగురు నల్లజాతి పట్టభద్రులను తిరస్కరించాడు. వారిలో ముగ్గురు ఎం.ఎ. చదివినవారు. పనోలా కౌంటీలో నల్లజాతి దరఖాస్తుదారులను, చికసా పాఠశాల నిధి అనే నిధి మీద వడ్డీ రేటుకు సంబంధించిన రాజ్యాంగ నిబంధనకు వ్యాఖ్యానం రాయమన్నారు. లూయిజియానాలో ఒక శ్వేతజాతీయుడు మాత్రం తన వ్యాఖ్యానంగా వాక్ స్వాతంత్ర్యం అని రాయబోయి, మూడు మాటల్లో ఒక్కదానికి కూడా అక్షరాలు సరిగా పొందించలేకపోయినా నెగ్గాడు. ప్రశ్న ఒకటే కావచ్చు, దిద్దే కలం ఒకటి కాదు.

పరీక్ష దాకా వెళ్ళడానికే ఎంత చెల్లించాలో ఫానీ లూ హేమర్ అనుభవం చెబుతుంది. మిసిసిపీలో ఒక తోటలో పత్తి ఏరుతూ, పని లెక్కలు రాస్తూ పద్దెనిమిదేళ్ళు గడిపిన మనిషి ఆమె. 1962 ఆగస్టు 31న మరో పదిహేడు మందితో కలిసి బస్సులో ఇండియనోలా వెళ్ళి నమోదుకు ప్రయత్నించి విఫలమయ్యారు. తిరిగి వస్తుండగా పోలీసులు బస్సును ఆపి, దాని పసుపు రంగు మరీ ముదురుగా ఉందని జరిమానా వేశారు. ఆ రాత్రే తోట యజమాని, దరఖాస్తు వెనక్కి తీసుకోకపోతే ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఆమె ఇల్లు వదిలారు. 1963 జనవరిలో పరీక్ష నెగ్గినా, ఓటు పన్ను రసీదులు లేవని ఓటు వేయనివ్వలేదు. అదే మిసిసిపీలో 1962 నాటి ఒక చట్టం ప్రకారం దరఖాస్తు చేసినవారి పేర్లు వార్తాపత్రికలో ప్రకటించేవారు. పేరు అచ్చయితే యజమానికీ, వడ్డీ వ్యాపారికీ, రాత్రిపూట తిరిగే ముఠాలకూ చిరునామా దొరికినట్టే.

ఓటు పన్ను గురించి నేను పుస్తకాల కంటే ఎక్కువ, నాతో పాటు పోలింగ్ కేంద్రంలో పని చేసే ఒక పెద్దావిడ దగ్గర నేర్చుకున్నాను. ఎనభై దాటిన ఆమె అలబామాలో పుట్టి పెరిగారు. ఒక ఎన్నిక రోజున మధ్యాహ్నం రద్దీ తగ్గాక, ప్లాస్టిక్ సంచిలో భద్రపరచిన మూడు కాగితాలను నా ముందు బల్ల మీద పెట్టారు. అవి ఆమె నాన్నగారి ఓటు పన్ను రసీదులు; మడతల దగ్గర చిరిగి, నీలి సిరా గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి. అలబామాలో పన్ను ఏడాదికి డాలరున్నర. విడిగా చూస్తే చిన్న మొత్తమే, కానీ 1953లో సవరణ వచ్చేదాకా కట్టని ఏళ్ళన్నీ కలిపి కట్టాలి, గరిష్ఠంగా 36 డాలర్ల దాకా. పాలికాపు కుటుంబానికి అది ఆ ఏటి బట్టల ఖర్చుకు మించినదని ఆమె చెప్పారు. నాన్నగారు పన్ను మొత్తం కట్టి, రసీదులు జేబులో పెట్టుకొని వెళితే, పరీక్ష తప్పారని చెప్పి పంపేశారట. ఆ కాగితాలు పన్ను కట్టినందుకు సాక్ష్యంగా మిగిలాయి కానీ ఓటు వేసినందుకు కాదు. ఇక్కడ ఒక మాట చేర్చాలి: ఈ పన్ను వల్ల పేద శ్వేతజాతీయులు కూడా లక్షల సంఖ్యలో ఓటుకు దూరమయ్యారు. కేంద్ర ఎన్నికలలో దానిని 1964లో 24వ సవరణ రద్దు చేసింది, రాష్ట్ర ఎన్నికలలో 1966లో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

ఇక 1965కు వద్దాం. అప్పటికే 1957, 1960, 1964 సంవత్సరాలలో పౌరహక్కుల చట్టాలు వచ్చాయి. వివక్ష జరిగిన చోట న్యాయశాఖ దావా వేయవచ్చు. అయినా ఎందుకు చాలలేదు? సమాధానం అలబామాలో సెల్మా పట్టణం ఉన్న డాలస్ కౌంటీ లెక్కల్లో ఉంది. అక్కడ ఓటు వయసు వచ్చిన నల్లజాతీయులు సుమారు 15,000 మంది. నమోదు కార్యాలయం మామూలుగా నెలకు రెండు రోజులు మాత్రమే తెరిచేవారు. న్యాయశాఖ నాలుగేళ్ళు వ్యాజ్యం నడిపి, వివక్ష జరుగుతోందని కోర్టుల చేత రెండుసార్లు తేల్పించింది. ఆ నాలుగేళ్ళలో నల్లజాతి ఓటర్ల సంఖ్య 156 నుంచి 383కు చేరింది, అంతే. ఒక్కొక్క కేసు సిద్ధం చేయడానికి నమోదు రికార్డులు తిరగేస్తూ 6,000 పనిగంటల దాకా వెచ్చించవలసి వచ్చేది. గెలిచిన మర్నాడు అధికారి రాజీనామా చేసేవాడు, లేదా పాత పరీక్ష తీసి కొత్త పరీక్ష పెట్టేవారు. దావా వేసినవాడు గెలిచినా ఓడినట్టే ఉండే ఆ స్థితిని మార్చడానికే 1965 చట్టం వచ్చింది.

సెల్మా కథ మీరు చదివే ఉంటారు కనుక క్లుప్తంగా చెబుతాను. పక్కనున్న మేరియన్ పట్టణంలో ఫిబ్రవరి 18న రాష్ట్ర పోలీసు కాల్చగా గాయపడిన జిమ్మీ లీ జాక్సన్ ఎనిమిది రోజుల తరువాత మరణించాడు. ఆ మరణానికి నిరసనగా మార్చి 7న సుమారు 600 మంది, పౌరహక్కుల నాయకులు జాన్ లూయిస్, హోసియా విలియమ్స్ ముందు నడవగా, ఎడ్మండ్ పెటస్ వంతెన దాటారు. అవతల పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో, గుర్రాలతో విరుచుకుపడ్డారు. ఆ దృశ్యాలు అదే రాత్రి టెలివిజన్‌లో దేశమంతా చూసింది. మార్చి 15న అధ్యక్షుడు జాన్సన్ కాంగ్రెస్‌ను చట్టం అడిగారు, ఆగస్టు 6న సంతకం చేశారు. హోసియా విలియమ్స్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

చట్టం పనితనం దాని నిర్మాణంలో ఉంది. 1964 నవంబరు 1 నాటికి పరీక్షలు పెడుతూ, ఓటు వయసు జనాభాలో సగం కంటే తక్కువ మంది నమోదైన లేదా ఆ ఏటి అధ్యక్ష ఎన్నికలో సగం కంటే తక్కువ మంది ఓటు వేసిన ప్రాంతాలను ఒక సూత్రంతో గుర్తించింది. మళ్ళీ జాతి పేరెత్తకుండానే, కానీ ఈసారి తిరుగు దిశలో. అలబామా, జార్జియా, లూయిజియానా, మిసిసిపీ, దక్షిణ కరొలైనా, వర్జీనియా మొత్తంగానూ, ఉత్తర కరొలైనాలో కొన్ని కౌంటీలూ దీని కిందికి వచ్చాయి. అక్కడ పరీక్షలు ఆగిపోయాయి. అవసరమైన చోటికి కేంద్ర అధికారులు వెళ్ళి స్వయంగా పేర్లు రాసుకున్నారు. అన్నిటికంటే ముఖ్యమైనది సెక్షన్ 5: ఆ ప్రాంతాలు ఎన్నికల నిబంధనను ఏ కాస్త మార్చినా, పోలింగ్ కేంద్రాన్ని వీధి అవతలికి జరిపినా సరే, న్యాయశాఖ నుంచి గానీ వాషింగ్టన్‌లోని కోర్టు నుంచి గానీ ముందుగా అనుమతి తీసుకోవాలి. ఈ మార్పు వల్ల వివక్ష జరగదని చూపవలసింది ఆ ప్రాంతపు ప్రభుత్వం. జరిగిందని చూపడానికి ఓటరు ఆరు వేల గంటలు ఖర్చు పెట్టనవసరం లేదు. మిసిసిపీలో నమోదైన నల్లజాతీయుల శాతం చట్టానికి ముందు 6.7, 1967 నాటికి 59.8. జార్జియాలో 27.4 నుంచి 52.6కు పెరిగింది. మనుషులు అవే మనుషులు, వారి చదువూ అదే చదువు. మారింది పేరు రాసుకునే చేయి.

పేరు జాబితాలోకి ఎక్కితే పోరాటం ముగిసినట్టేనా అంటే కాదు. ఓటు వేయనిచ్చి దాని బరువు తీసేసే పద్ధతులు ఉన్నాయి. అలబామాలోని టస్కీగీ పట్టణ సరిహద్దును చతురస్రం నుంచి ఇరవై ఎనిమిది భుజాల వింత ఆకారంగా మార్చి, దాదాపు 400 మంది నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరినీ ఊరి బయట పడేశారు. 1960లో సుప్రీంకోర్టు దానిని అడ్డుకుంది. ఈ తరహా కేసులలో ఉద్దేశం నిరూపించాలా, ఫలితం చూపితే చాలా అన్న వివాదంలో, ఓటు హక్కు చట్టానికి 1982లో చేసిన సవరణ ఫలితం వైపు నిలిచింది.

ఇప్పటి స్థితి గురించి అడిగారు. 2006లో కాంగ్రెస్ ముందస్తు అనుమతిని మరో 25 ఏళ్ళు పొడిగించింది, సెనేట్‌లో ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా. కానీ 2013 జూన్ 25న షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో, ఏ ప్రాంతాలకు వర్తించాలో చెప్పే సూత్రం పాతబడిందని కొట్టివేసింది. సూత్రం పోయాక సెక్షన్ 5 పుస్తకంలో ఉన్నా ఎవరికీ వర్తించదు. వానలో తడవడం లేదని గొడుగు పారేసినట్టుందని జస్టిస్ గిన్స్‌బర్గ్ అసమ్మతి తీర్పులో రాశారు. నాది కూడా అదే అభిప్రాయం. ఓటు విషయంలో జాతి వివక్షను నిషేధిస్తూ దేశమంతటికీ వర్తించే సెక్షన్ 2 కింద దావా వేసే దారి మిగిలింది. 2023లో అలబామా నియోజకవర్గాల కేసులో కోర్టు ఆ సెక్షన్ కిందే నల్లజాతి ఓటర్ల పక్షాన తీర్పు ఇచ్చింది. అయితే దావా అంటే మళ్ళీ భారం ఓటరు మీదికి వచ్చిందన్న మాట.

నేటి గుర్తింపు కార్డు నిబంధనలన్నీ ఆనాటి పరీక్షలతో సమానమని నేను అనను. అలా అంటే ఆ వంతెన మీద దెబ్బలు తిన్నవారిని చిన్నబుచ్చినట్టు అవుతుంది. కానీ పైకి అందరికీ ఒకేలా కనిపించే నిబంధన కొందరి మీదే ఎందుకు ఎక్కువగా పడుతుందో చూడడం నేర్చుకోవాలి. జార్జియాలో దరఖాస్తులోని పేరు, వివరాలు ప్రభుత్వ రికార్డుతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలనే పద్ధతి ఉండేది. సెక్షన్ 5 ప్రాణంతో ఉన్నప్పుడు, 2009లో, న్యాయశాఖ ఆ పరిశీలన పద్ధతికి అభ్యంతరం చెప్పింది. దాని తప్పుల భారం నల్లజాతి, ఆసియా, హిస్పానిక్ ఓటర్ల మీద ఎక్కువగా పడుతోందని చూపింది. షెల్బీ తీర్పు తరువాత, 2018లో, సుమారు 53,000 దరఖాస్తులు పెండింగ్‌లో ఉన్నాయనీ, వాటిలో దాదాపు 70 శాతం నల్లజాతీయులవనీ అసోసియేటెడ్ ప్రెస్ వెల్లడించింది. గుర్తింపు చూపితే వారు ఓటు వేయవచ్చు, నిజమే. కానీ మీ దరఖాస్తు నిలిచిపోయిందన్న ఉత్తరం చేతికి వచ్చినప్పుడు ఎంతమంది అంత దూరం ఆలోచిస్తారు? 2019లో ఆ నిబంధనను చాలావరకు సడలించారు.

ఈ మాట చెప్పడానికి నాకు సొంత కారణం కూడా ఉంది. మన పేర్లు ఇటువంటి నిబంధనకు చిక్కడానికే పుట్టినట్టు ఉంటాయి. ఇంటిపేరు ముందుంటుంది, నాలుగు మాటల పేరు ఒక పత్రంలో కలిపి, మరొక పత్రంలో విడగొట్టి ఉంటుంది, పాస్‌పోర్టులో ఒక గడి ఖాళీగా ఉంటే ఇక్కడి రికార్డులో పేరుకు బదులు ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రవాడి డ్రైవింగ్ లైసెన్సులో ఆ మూడు అక్షరాలే ఉన్నాయి, పౌరసత్వ పత్రంలో అసలు పేరు ఉంది, దరఖాస్తు రెండుసార్లు వెనక్కి వచ్చింది. మా ఇద్దరికీ అతని పేరు స్పష్టంగా తెలుసు, రికార్డుకు మాత్రం తెలియదు. ఆ పూట గైల్స్ కేసు నాకు చరిత్రలా అనిపించలేదు.

మనకు దానితో పనేమిటన్న ప్రశ్నకు సమాధానం ఇంకా లోతుగా ఉంది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయులు శ్వేతజాతీయుల కిందికి రారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. అంతకుముందు పౌరసత్వం పొందిన కొందరి నుంచి దానిని వెనక్కి తీసుకున్నారు కూడా. 1946లో లూస్–సెల్లర్ చట్టం ఆ తలుపు తెరిచింది, ఏడాదికి వంద మందికి ప్రవేశం ఇస్తూ. మనలో ఎక్కువ మంది ఇక్కడికి రాగలిగింది 1965 అక్టోబరు 3న జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం వల్ల. అంటే ఓటు హక్కు చట్టం వచ్చిన రెండు నెలలకు, అదే కాంగ్రెస్ చేతుల మీదుగా. ఇవి వేర్వేరు కథలని నేను అనుకోను.

అట్లాంటాకు ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీ ఉంది. ఈనాడు అక్కడ ఏ కిరాణా దుకాణంలోకి వెళ్ళినా తెలుగు వినిపిస్తుంది. 1912లో ఆ కౌంటీ నుంచి సుమారు 1,100 మంది నల్లజాతీయులను బెదిరించి, ఇళ్ళు తగలబెట్టి తరిమేశారు. తరువాత దశాబ్దాల పాటు అక్కడ నల్లజాతీయులు ఉండలేకపోయారు. 1987 జనవరి 17న ఒక చిన్న బృందం అక్కడ ఊరేగింపు తీస్తే రాళ్ళు, సీసాలు విసిరారు. సరిగ్గా వారానికి 20,000 మంది దాకా వచ్చి అదే దారిలో నడిచారు. ముందుండి నడిపించినవారు హోసియా విలియమ్స్, సెల్మా వంతెన మీద ముందు నడిచిన మనిషే. మన పిల్లలు బడికి వెళ్ళే రోడ్లు ఎవరి నడకతో తెరుచుకున్నాయో మనకు తెలిసి ఉండాలి.

ఇంకొక దృశ్యం చెబుతాను. ఒక ఎన్నిక ఉదయం, డెబ్భై దాటిన ఒక తెలుగు పెద్దావిడ మనుమరాలి చేయి పట్టుకొని మా కేంద్రానికి వచ్చారు. నేత చీర, పైన స్వెట్టరు, పర్సులో నాలుగు మడతల కాగితంలో చుట్టిన కార్డు. దీర్ఘకాలం శాశ్వత నివాసిగా ఉన్న పెద్దవారికి పౌరసత్వ పరీక్షలో సొంత భాషలో నోటితో జవాబు చెప్పే వెసులుబాటు ఉంది. ఆమె అలా పౌరురాలైనవారు, ఇంగ్లీషు చదవలేరు. నేను తెలుగులో పలకరించగానే, "బాబూ, నాకు చదవడం రాదు, ఏమైనా అంటారా?" అని మెల్లగా అడిగారు. ఏమీ అనరమ్మా అన్నాను. అలా అనగలగడానికి కారణం ఉంది: 1965లో కొన్ని రాష్ట్రాలలో ఆగిన అక్షరాస్యతా పరీక్షలను 1970లో దేశమంతటా ఆపి, 1975లో శాశ్వతంగా నిషేధించారు. 1982లో చేర్చిన సెక్షన్ 208 ప్రకారం చదవలేని ఓటరు, యజమాని లేదా యూనియన్ ప్రతినిధి తప్ప, తనకు నచ్చిన మనిషిని సాయానికి వెంట తీసుకువెళ్ళవచ్చు. మనుమరాలు సంతకం చేసింది, ఇద్దరూ యంత్రం దగ్గరికి వెళ్ళారు. నా పక్కన కూర్చున్న అలబామా పెద్దావిడ, వారు తిరిగి వచ్చేదాకా అటే చూస్తూ ఉండిపోయారు.

మీ ప్రమాణ స్వీకారం గురించి చివరగా రెండు మాటలు. పత్రం చేతికి రాగానే అక్కడే నిలబడి మీ పేరు అక్షరం అక్షరం చదవండి. తప్పుంటే హాలు దాటకముందే చెప్పండి. తరువాత డ్రైవింగ్ లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ రికార్డులలో అదే పేరు, అదే క్రమంలో ఉండేలా మార్పించుకున్నాకే ఓటరు దరఖాస్తు ఇవ్వండి. నమోదు గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కనుక ముందే చూసుకోండి, దరఖాస్తు ఇచ్చిన మూడు వారాలకు మీ రాష్ట్ర ఎన్నికల వెబ్‌సైట్‌లో పేరు ఉందో లేదో వెతకండి. ఒకవేళ పోలింగ్ రోజున జాబితాలో పేరు కనిపించకపోతే ఇంటికి తిరిగి వెళ్ళవద్దు. తాత్కాలిక బ్యాలెట్ ఇవ్వమని అడగండి, ఇమ్మని అడిగే హక్కు మీకు ఉంది. జార్జియాలో గుర్తింపు లోపమైతే, ఆ పత్రం చూపి సరిచేసుకోవడానికి ఎన్నిక తరువాత మూడు రోజుల గడువు ఉంటుంది.